తెర వెనక వైపు

నా మనవరాలు స్వప్న హైదరాబాదులో కంప్యూటరు మీద బొమ్మలకు నడక నేర్పే ఉద్యోగం చేస్తుంది. మా తాత తోలుబొమ్మలాట ఆడించేవాడని, ఆ విద్యే తనకూ వచ్చిందని ఆఫీసులో గొప్పగా చెప్పుకుంటుందట. చెప్పుకోనీ. తోలు నానబెట్టిన తొట్టి పక్కన ఒక్క పూట కూర్చుని ఉంటే ఆ గొప్ప ఎంతసేపు నిలిచేదో చూసేదాన్ని. మొన్న నన్ను చూడడానికి సూర్యాపేట వచ్చి, "అమ్మమ్మా, నీకొకటి చూపిస్తా, బాగా నవ్వుతావు" అంటూ ఫోను నా చేతిలో పెట్టింది. పెద్ద యుద్ధం నాడు సిపాయిలకు బుద్ధి చెప్పడానికి, పనిలో పనిగా నవ్వించడానికి తెల్లవాళ్ళు గీయించిన కదిలే బొమ్మలట. ఇలాంటివి చాలా ఉన్నాయట, తన పని కోసం అన్నీ ఏరి చూస్తోందట. నలుపు తెలుపు బొమ్మ. పొట్టి సిపాయి, ఉబ్బిన ముక్కు, నెత్తిన పళ్ళెం లాంటి టోపీ. పొద్దుగూకే వేళ ఆ సిపాయి చొక్కా విప్పి కొమ్మకు తగిలించి వాగులో దిగాడు. అక్కడికి రాగానే ఫోను ఒళ్ళో బోర్లించేశాను.

"ఆపమ్మా" అన్నాను. నాకు బీపీ పెరిగిందనుకుని పిల్ల కంగారుపడి మంచినీళ్ళు తెచ్చింది. ఏమీ లేదని చెప్పి పంపేశాను గాని, ఉన్నది చెప్పలేదు. ఆ సిపాయిని నేను ఎరుగుదును. నా తొమ్మిదో ఏటో పదో ఏటో చూశాను. చావడం చూశాను, చచ్చినవాడు లేవడమూ చూశాను. ఆయన్ని చూసిన తర్వాతే మా మేనత్త బతుకు ఒక దారి విడిచి ఇంకో దారి పట్టింది. అందులో నా చేయి ఉంది. ఇన్నేళ్ళు కథలు ఎన్నో రాశాను గాని ఇది రాయలేదు, భయపడ్డాను.

అప్పుడూ ఈ సూర్యాపేటే, మా ఇల్లు బజారుకు దూరంగా ఉండేది. తోళ్ళ వాసన ఎవరు భరిస్తారు? మేకతోలు సున్నపు నీళ్ళలో నానవేసి, వెంట్రుకలు గీకి, గుంజలకు లాగి కట్టి ఆరబెట్టేవారు. ఆరిన తోలు మీద తాత ఇనుప ములుకుతో మనిషిని గీస్తే, అత్త చిన్న ఉలి పట్టుకుని నగలకు, కనుబొమలకు, చీర అంచుకు చుక్కలు పొడిచేది. ఆట ఆడేటప్పుడు దీపం వెలుగు ఆ చుక్కల్లోంచే అవతలికి పోయేది. తోలు, ఆముదం, రంగుల్లో కలిపే జిగురు, ఈ మూడూ కలిసిందే మా ఇంటి వాసన. అన్నంలో కూడా ఉండేది. తాత పొద్దున లేవగానే మొహం కడుక్కోవడానికి ముందే బొమ్మల బుట్ట దగ్గరికి పోయి మూత మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడేవాడు. ఏం చూస్తున్నావు తాతా అంటే, "అందరున్నరా అని" అనేవాడు. వానాకాలపు తేమకు మెత్తబడిన తోళ్ళు ఎండ కాయగానే బిగుసుకుని బుట్టలో చిటచిటమనేవి. మేము అన్నం తింటూ ఉలిక్కిపడితే, "వాళ్ళు మాట్లాడుకుంటుండ్రు. మీరు జర సప్పుడు జెయ్యకుండ్రి" అనేవాడు. నేను ముద్ద మింగకుండా చెవులు రిక్కించి వినేదాన్ని. ఏదో ఒక రోజు నా పేరు వినపడుతుందని భయం.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. ఆటలో యుద్ధంలో పడిపోయిన బొమ్మను పడుకున్నది పడుకున్నట్టే బుట్టలో పెట్టకూడదు. ఆట ముగిసి జనం లేచిపోయాక ఇంటి ఆడది ఆ బొమ్మను రెండు చేతులా నిలబెట్టి, పసుపు నీళ్ళు చిలకరించి, "లెవ్వు, ఆట అయిపోయింది" అనాలి. ఆ తర్వాతే బుట్ట. ఒకసారి పెద్దవూరలో వాన తరుముకొచ్చి ఎవరినో లేపకుండానే మూత వేశారట. ఇంటికి వచ్చేదాకా కావడి ఒక పక్కకే ఒరిగిపోతూ వచ్చిందని, రాళ్ళు పెట్టి తూకం సరిచేసినా మళ్ళీ ఒరిగేదని తాత చెప్పేవాడు. ఆ లేపే పని మా ఎల్లత్తది. ఎల్లత్త మా నాన్నకు చెల్లెలు. అమ్మకు ఏడాదికొక చంటిపిల్ల, నన్ను పెంచింది అత్తే. ఆమె పక్కలోనే పడుకునేదాన్ని. ఆమె వేళ్ళకు ఎప్పుడూ పసుపు ఉండేది, దాని కింద జిగురు వాసన ఉండేది.

అత్త మొగుడు కోటయ్య మామ నందిగామ వైపు మనిషి. ఆట నేర్చుకుందామని తాత దగ్గరికి వచ్చి, అత్తను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఆయనది ఎడమచేతి వాటం. అన్నం కూడా ఎడమ చేత్తోనే తినబోతే మా నానమ్మ చేయి మీద గరిటెతో కొట్టేదట. బొమ్మను మాత్రం ఎడమ చేత్తో పడితే దానికి ప్రాణం వచ్చేదని తాతే ఒప్పుకునేవాడు. యుద్ధం ముదిరిన రోజుల్లో ఆయన ఎవరితోనో కలిసి లేబరు పటాలంలో చేరి బర్మా వైపు పోయాడు. తిరిగి వచ్చాక నందిగామలో సొంత మేళం పెట్టుకుని అత్తను తీసుకుపోతానని చెప్పి పోయాడు. చివరి కార్డులో జ్వరం వచ్చి తగ్గిందని ఉంది. దాని కింద మూడు పంక్తుల మీద సర్కారువాళ్ళు నల్ల సిరా పూసి పంపారు. అత్త ఆ కార్డును దీపానికి అడ్డంగా పెట్టి, తోలుబొమ్మను చూసినట్టు వెనకనుంచి చూసేది. ఏమీ కనపడేది కాదు. యుద్ధం ఖతమైంది, పోయినవాళ్ళలో కొందరు వచ్చారు, మామ రాలేదు. చచ్చిపోయాడని టెలిగ్రామూ రాలేదు. తాత రెండు అర్జీలు పెట్టించాడు, జవాబు లేదు. మిర్యాలగూడ మేళంలో మద్దెల వాయించే వీరయ్యకు పెళ్ళాం పోయింది, మంచివాడు. మాలో మారుమనువు తప్పు కాదు. "ఎన్నేండ్లని కూసుంటవు బిడ్డా?" అని తాత అడిగినప్పుడల్లా అత్త ఒకటే మాట అనేది: "ఉన్నడో లేడో ఎవరన్న ఒక్క మాట చెప్పుండ్రి. గంతే. ఏదైనా సరే."

ఆ సంవత్సరాల్లో ఊళ్ళలో ఆటలు లేవు. పగలు ఒకరి భయం, పొద్దు గూకితే మరొకరి భయం, బొమ్మలాట ఎవరికి కావాలి? బుట్ట తెరవక చాలా కాలమైంది. ఆ తర్వాత కోదాడ మీదుగా, మా ఊరి పెద్ద రోడ్డునే, యూనియన్ మిలిటరీ వచ్చింది. నిజాం సర్కారు పోయింది. వచ్చిన మిలిటరీ మాత్రం చాలా రోజులు పోలేదు, సూర్యాపేట పక్కన డేరాలు వేసుకుని ఉండిపోయింది. వాళ్ళకు ఒక సినిమా మోటారు ఉండేది. సంజె చీకటి పడగానే రెండు గుంజల నడుమ తెల్లగుడ్డ కట్టి జవాన్లకు బొమ్మలు చూపించేవారు. ఊరివాళ్ళు కూడా చూడవచ్చు గాని జవాన్ల మధ్యకు రాకూడదు, గుడ్డకు అవతల కూర్చోవాలి. తెర కడుతున్నారనగానే తాతకు కాళ్ళు నిలవలేదు. అత్తను, నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మిగతా ఊరు తెర వెనక కూర్చోవలసి వచ్చిందని గొణుక్కుంది. మాకు మాత్రం అదే మా చోటు. పుట్టి బుద్ధి ఎరిగినప్పటినుంచి మేము తెరను వెనకనుంచే చూశాం.

మొదట గుడ్డ మీద తెల్లటి వెలుగు పడింది. ఆ తర్వాత టోపీ పెట్టుకున్న మనిషి నడుచుకుంటూ వచ్చాడు. అత్త నా మోచేయి పట్టుకుంది. ఆమె బొమ్మను చూడడం లేదు. తెర అడుగున, మా మేళంలో మామ, తాత, నాన్న కాళ్ళకు గజ్జెలు కట్టుకుని నిలబడే చోటును చూస్తోంది. అక్కడ గడ్డి తప్ప ఏమీ లేదు. "ఈ పక్క ఎవరు లేరేందే? ఎవరు పట్టుకున్నరాయన్ని?" అంది. నేను ఏం చెప్పను? గొంతు కూడా ఎవరిదో తెలియలేదు, ఇంగ్లీషులో ఏదో గొణుగుతోంది. సిపాయి చెంచాతో తిన్నాడు, ఎవరికో సలాం కొట్టాడు, వాగులో ఈదాడు, ఇచ్చిన మందు బిళ్ళలు కాలవలో విసిరాడు, దోమతెర కట్టుకోకుండా పడుకున్నాడు. అప్పుడు దోమలు వచ్చాయి. ఒక్కొక్కటి మనిషంత ఉంది. సూది మూతులతో, వయ్యారంగా, తొందర లేకుండా వచ్చి ఆయన చుట్టూ కూర్చున్నాయి. తెర అవతల జవాన్లు విరగబడి నవ్వుతున్నారు. ఇవతల మాలో ఒక్కరూ నవ్వలేదు. ఆ నవ్వు గుడ్డలోంచి మా మీదికి వస్తుంటే ఆయన్ని చంపేది వాళ్ళేననిపించింది. సిపాయి వణికాడు, బిగుసుకున్నాడు, దుప్పటి తనంతట తానే జరిగి ఆయన మొహం కప్పింది. అంతే, గుడ్డ తెల్లగా అయిపోయింది. జవాన్లు లేచారు. ఇద్దరు వచ్చి గుంజలకు కట్టిన తాళ్ళు విప్పుతున్నారు. అత్త లేవలేదు. "లేపలే" అంది మెల్లగా. "ఆయన్ని లేపకుంటనే తెర ఇప్పుతుండ్రు."

ఇంటికి వచ్చాక తాతకూ అత్తకూ వాదన జరిగింది. అత్త అంతగా మాట్లాడడం నేను అంతకుముందు వినలేదు.

"ఎడమ చెయ్యి సూసినవా నాయినా? తినుడు, సలాం కొట్టుడు, అన్ని ఎడమ చేత్తోనే."

"మనం ఎనకకెల్లి చూసినం గద బిడ్డా. ముందటికెల్లి చూస్తే అది కుడి చెయ్యే అయితది."

"ముందట కూసున్నోళ్ళకు కనపడేది నీడ. ఎనక ఉన్నోళ్ళకు కనపడేదే బొమ్మ. నువ్వే గద నేర్పింది."

ఆ మాట నిజంగా ఆయనే నేర్పాడు, ఇంట్లో అందరికీ నేర్పాడు. ఇంకొకటీ నేర్పాడు. ఎవరినో ఒక మనిషిని చూడకుండా బొమ్మ గీయకూడదు, చూడకుండా గీస్తే ఆ బొమ్మకు కళ్ళు నిలవవు. మా బుట్టలో ఉన్న ప్రతి బొమ్మకూ ఎప్పుడో బతికిన మనిషి ఒకరున్నారు. అత్త రెండోది పట్టుకుంది. "మరి గీయన్ని ఎవర్ని సూసి గీసిండ్రు? ఎడమ చేతోడు, జరమొచ్చినోడు, గా అడవిలోనే ఉన్నోడు. ఎవరు?" తాత బుట్ట మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. బుట్ట కూడా ఆ రోజు చప్పుడు చేయలేదు.

మూడో రోజు మధ్యాహ్నం అత్త నన్ను వెంటబెట్టుకుని డేరాల దగ్గరికి పోయింది. పక్కింటి దర్జీ సాయిబు పిల్లలతో ఆడి ఆడి నాకు ఉర్దూ బాగా వచ్చేది, అందుకే నన్ను తీసుకుపోతున్నదని అనుకున్నాను. బొమ్మల మిషను తిప్పేది నెరిసిన మీసాల హవల్దారు. ఆయన తన డేరాలో రీళ్ళకు నూనెగుడ్డ పెట్టి తుడుచుకుంటున్నాడు. అత్త కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగి నిలబడింది. నేను చెప్పాను, మా అత్త ఆ సిపాయిని లేపమంటున్నది అని. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలో గుడ్డ పక్కన పెట్టి రెండు సంగతులు చెప్పాడు. ఒకటి, ఆ రీలు చివరి ముక్క తెగి ఎక్కడో పోయింది. ఆ ముక్కలో సిపాయికి దవాఖానలో నయమవుతుంది, లేచి ఇంటికి పోతాడు, అది హవల్దారు పాత క్యాంపులో తన కళ్ళతో చూశాడట. రెండోది, ఆ ముక్క ఇప్పుడు లేదు గాని, మిషనును వెనక్కి తిప్పితే పడుకున్నవాడు ఎలాగూ లేస్తాడు, కావాలంటే ఇప్పుడే తిప్పి చూపిస్తానన్నాడు.

"ఏమన్నడే?" అంది అత్త కొంగు చాటునుంచి.

"ఎనక్కి తిప్పుతడట. లేస్తడట" అన్నాను.

మొదటి సంగతి చెప్పలేదు. మరిచిపోలేదు, నాకు బాగా గుర్తుంది, నాలుక చివర ఉంది. చెబితే మామ బతికే ఉన్నాడని అత్త నమ్ముతుంది. నమ్మితే ఎదురుచూస్తుంది. మామ వస్తాడు, అత్తను నందిగామ తీసుకుపోతాడు, నేను అమ్మ పక్కన చంటిపిల్లల ఏడుపుల మధ్య పడుకోవాలి. పదేళ్ళ పిల్లకు ఇంత లెక్క ఉంటుందా అంటే ఉంటుంది. పిల్లలను అమాయకులనేవాళ్ళు తమ చిన్నతనం మరిచిపోయినవాళ్ళు. మామ రాకపోతే అత్త నాదే. అందుకే మింగేశాను.

హవల్దారు డేరా తలుపు దించి, గుడ్డ చీలికల్లోంచి వచ్చే ఎండకు అడ్డంగా కంబళ్ళు కట్టాడు. బయట మిట్టమధ్యాహ్నం, లోపల నల్లటి చీకటి. చిన్న గుడ్డ ఒకటి కట్టి మమ్మల్ని ముందు కూర్చోమన్నాడు. అత్త అలవాటు కొద్దీ దాని వెనక్కి నడిచింది, నేనూ వెళ్ళాను. మిషను తిరిగింది. మొదట దుప్పటి, ఆ దుప్పటి దానంతట అదే మొహం మీదనుంచి పక్కకు జరిగింది. సిపాయి కళ్ళు తెరిచాడు. వణుకు నిలిచింది. దోమలు తమ సూదులను ఆయన ఒంట్లోంచి బయటికి లాక్కుని, తోక ముందు పెట్టుకుని, ఎంత వయ్యారంగా వచ్చాయో అంత వయ్యారంగా వెనక్కి పోయాయి. కాలవలోంచి మందు బిళ్ళలు ఎగిరి ఆయన చేతిలో పడ్డాయి. గొంతు ఊపిరి లోపలికి పీల్చుకుంటూ మాట్లాడుతున్నట్టుగా ఉంది. ఆ మాట ఏ మనిషిదీ కాదు. ఆయన తడిగా వాగులోకి పోయి పొడిగా గట్టుకు వచ్చాడు. కొమ్మ మీది చొక్కా వచ్చి ఒంటికి తొడుక్కుంది. అప్పుడు ఆయన మాకేసే చూస్తూ, నవ్వు మొహంతో, వెనక్కి నడవడం మొదలుపెట్టాడు.

"కాళ్ళు సూడు లచ్చీ" అంది అత్త. ఆమె గొంతు కూడా మారిపోయింది. "మడిమెలు ముందు పడుతున్నయి."

కాళ్ళు వెనక్కి ఉండేది దయ్యాలకేనని మా ఊళ్ళో చంటిపిల్లను అడిగినా చెబుతుంది. ఆయన అలాగే మమ్మల్ని చూసి నవ్వుతూ, మడమలతో దారి తడుముకుంటూ, చిన్నగా, ఇంకా చిన్నగా అయిపోయి, గుడ్డ మధ్యలో చుక్కగా మారి, లేకుండా పోయాడు. హవల్దారు సంతోషంగా కంబళి ఎత్తాడు. "లేచాడు కదా బేటీ?" అన్నాడు. అత్త ఆయనకు రెండు చేతులూ జోడించి బయటికి వచ్చింది. ఎండ కళ్ళలో పొడిచింది. వడివడిగా ఇంటిదారి పట్టింది. నేను ఆమె కొంగు వదలలేదు. భయం వల్ల వదలలేదో, గెలిచానని పట్టుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ సాయంత్రమే అత్త ఆరిన తోలు ఒకటి ముందు వేసుకుని కూర్చుంది. గీయడం తాత పని, ఆమె గీయగా నేను అంతకుముందు చూడలేదు. టోపీ, చొక్కా, పైకెత్తిన ఎడమ చేయి. ముక్కు మాత్రం బొమ్మలోని ముక్కు కాదు, మామ ముక్కు. మూడు రోజులు ఉలితో చుక్కలు పొడిచింది. ఆ చప్పుడు ఇంటి నిండా అలా కొట్టుకుంటూనే ఉంటే అమ్మ చంటిదాన్ని ఎత్తుకుని వాకిట్లోనే తిరిగింది. తాత అడ్డం చెప్పలేదు. మాలో అరిగిపోయిన బొమ్మలను పారేయరు, మనుషులకు చేసినట్టే చేసి కృష్ణలో వదులుతారు. బండి కట్టించి అందరం వాడపల్లి పోయాం. మూసీ కృష్ణలో కలిసే చోటు. అత్త బొమ్మను రెండు చేతులా నిలబెట్టి పసుపు నీళ్ళు చిలకరించి, "లెవ్వు, ఆట అయిపోయింది" అంది. గాజులు ఒక్కొక్కటే తీసి తాత చేతిలో పెట్టింది. తాత బొమ్మను నీళ్ళలో వదిలాడు. ఆముదం పట్టిన తోలు మునగలేదు. వెల్లకిలా తేలుతూ సుడిలో ఒక చుట్టు తిరిగి మళ్ళీ గట్టుకే వచ్చింది. చుక్కల్లోంచి నీళ్ళ మెరుపు కనపడుతోంది. తాత కర్రతో నెట్టాడు, మళ్ళీ వచ్చింది. ఆ పైకెత్తిన చేయి అత్త కాలి వేళ్ళకు తగిలింది. మూడోసారి తాత మొలలోతు దిగి దూరంగా విసిరితే పోయింది. పోవాలని లేదేమో ఆయనకు అని నాకు అనిపించింది. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు.

ఆ ఏడు తిరక్కుండానే అత్త వీరయ్యను చేసుకుని మిర్యాలగూడ పోయింది. నందిగామ కాకుండా మిర్యాలగూడ, అంతే తేడా. నా లెక్క అలా తప్పింది. అమ్మ పక్కన చంటిపిల్లల మధ్య పడుకుని, ఏడుపు బయటికి రాకుండా దుప్పటి మొహం మీదికి లాక్కునేదాన్ని. లాక్కున్న మరుక్షణమే ఆ సిపాయి గుర్తొచ్చి తీసేసేదాన్ని. వీరయ్య మామ బంగారం లాంటి మనిషి, అత్తకు ఇద్దరు పిల్లలు పుట్టారు. మరో రెండేళ్ళకు తాత ఆట మాట్లాడడానికి కోదాడ పోతే, అక్కడి హోటలాయన ఒక సంగతి చెప్పాడు. "మొన్నామధ్య పాత మిలిటరీ కోటేసుకున్నాయన ఒకడు వచ్చాడయ్యా. బొమ్మలాటోళ్ళ ఎల్లమ్మ సూర్యాపేటలోనే ఉందా అని అడిగాడు. ఆమెకు మళ్ళీ పెళ్ళయింది, పిల్లలు కూడాను, మిర్యాలగూడలో చల్లగా ఉందని చెప్పాను. మంచి మాటే కదా అని చెప్పా. టీ తాగి, సూర్యాపేట బస్సు ఎక్కకుండా మళ్ళీ నందిగామ వైపే పోయాడు." తాత ఇంటికి వచ్చి ఈ మాట చెబుతుంటే ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. వచ్చినాయన ఎవరో, చుట్టమో, తోటి సిపాయో, మాకు ఎప్పటికీ తెలియలేదు. తాత నందిగామకు మనిషిని పంపి వెతికించాడు. ఏ ఆనవాలూ దొరకలేదు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను, పెళ్ళి, పిల్లలు, పింఛను అన్నీ అయ్యాయి. ఆ మింగిన మాట మాత్రం అరగలేదు. అత్తకు చూపు పూర్తిగా పోయిందని తెలిసి మిర్యాలగూడ పోయి నాలుగు రోజులున్నాను. మూడో రోజు ఆమె కాళ్ళకు ఆముదం రాస్తూ, ఆమెకు చూపు లేదన్న ధైర్యంతో, అంతా చెప్పేశాను. తెగిన ముక్క, దవాఖాన, లేచి ఇంటికి పోవడం, నా లెక్క, అన్నీ. అత్త చేయి చాచి నా మొహం తడిమింది. ఆ తర్వాత నవ్వింది.

"నాకు ఉర్దు రాదని నీకెవరు చెప్పిండ్రే లచ్చీ? ఆట ఆడనీకి ఇజాజత్ కాయితాల కోసం మీ తాతెంబడి కచేరీల పొంటి తిరిగిందెవరు? మిలిట్రీ ఆయనతోని ఆడిది ఎట్ల మాట్లాడాలె అని నిన్ను తోలుకపోయిన."

నా చేతులు ఆగిపోయాయి. "మరి... ఇన్నవా అత్తా? గప్పుడే ఇన్నవా?"

"ఇన్న. అన్ని ఇన్న. నువ్వు చెప్తవేమో అని సూసిన. నువ్వు చెప్పలే, నేను అడగలే." కాళ్ళు ముడుచుకుని, "పానం అలిసిపోయిందే. లేస్తడంటే మల్ల ఎదురుసూడాలె. సిన్నపొల్లవి, నువ్వే కొట్టేసినవు ఆ మాట. నాకు సాకు దొరికింది" అంది.

కోదాడ సంగతి అడగకూడదని అనుకుంటూనే అడిగాను. ఆమె గుడ్డి కళ్ళు నాకేసి తిప్పింది. "నేను పోయిన కోదాడ. వీరయ్యకు చెప్పకుంటనే పోయిన. హోటలాయన్ని అడిగిన, గాయన టీ గిలాసు ఏ చేత్తోని పట్టుకున్నడని. యాదికి లేదన్నడు." ఆ పైన ఆ విషయం ఇద్దరం ఎత్తలేదు. ఆ ఎండాకాలమే ఆమె పోయింది.

స్వప్నను నిన్న అడిగాను, నీ బొమ్మల్లో ఎవరైనా చస్తే ఏం చేస్తారే అని. "రోజుకు యాభైసార్లు చస్తారు అమ్మమ్మా, ఒక మీట నొక్కితే లేస్తారు" అంది. పసుపు నీళ్ళు అక్కర్లేదు, లేపే మనిషీ అక్కర్లేదు. ఎవరిని చూసి గీస్తారే అంటే ఎవరినీ చూసేది లేదంది. మంచిదే కాబోలు. వాళ్ళ బుట్టలో ఎవరూ మాట్లాడుకోరు. ఆమె స్నేహితురాలి ఇంటికి పోతూ ఫోను ఇక్కడే వదిలి, ఆ బొమ్మ ఎలా పెట్టుకోవాలో నేర్పి వెళ్ళింది. పట్టపగలు, కిటికీలన్నీ తెరిచి, ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని మొదటినుంచీ పెట్టుకున్నాను.

ముందువైపునుంచి చూడడం ఇదే మొదటిసారి. చెంచా కుడి చేత్తోనే పట్టుకున్నాడు. సలామూ కుడి చేత్తోనే. తాత చెప్పింది నిజం, ఆయన ఎవరో, మా మామ కాదు. ఎవరో తెలియని వాడి కోసం అత్త గాజులు తీసింది, నేను అబద్ధం మోశాను. దుప్పటి మొహం మీదికి వచ్చింది. మాకు అక్కడే తెల్లగా అయిపోయేది. ఇప్పుడు కాలేదు. దుప్పటి కింద ఏదో కదిలింది, ఒక చేయి బయటికి వచ్చి దాన్ని తోసేసింది. తెల్ల టోపీ నర్సు, మందు బిళ్ళలు, కిటికీలోంచి ఎండ. హవల్దారు చెప్పింది చెప్పినట్టే ఉంది. సిపాయి మూట భుజాన వేసుకుని దవాఖాన మెట్లు దిగుతుంటే ఆపి, మళ్ళీ దుప్పటి దగ్గరికి జరుపుకుని, లేచి పోయి బీరువా అద్దానికి ఎదురుగా ఫోను పట్టుకున్నాను. అత్త కూర్చున్న వైపు అదే.

అద్దంలో ఎడమ చేయి దుప్పటిని తోసింది. ఆయన లేచాడు, మెట్లు దిగాడు, కాలి వేళ్ళు ముందు పెట్టుకుని, మడమలు వెనక పెట్టుకుని, తిన్నగా మా ఇంటికేసి నడిచి వచ్చాడు. మొహం అద్దం నిండా పెద్దదైంది. ఎడమ చేయి ఎత్తాడు, తలుపు కొట్టబోతున్నట్టు. బొమ్మ అక్కడ అయిపోయింది.

"లెవ్వు మామా, ఆట అయిపోయింది" అన్నాను. పసుపు నీళ్ళు తేవడానికి వంటింట్లోకి పోయాను.